కొండన్న దిద్దిన కథ

సుశీలాబాయి ఇంట్లో మాట్లాడేది తెలుగే గానీ, గోదావరి ఒడ్డున మహారాష్ట్ర వైపున్న సిరొంచలో ఆమె చదివిన బడి మరాఠీది. అందుకే అంగన్‌వాడీ పని ముగిశాక ఆమె రాసుకునే కథలన్నీ తెలుగు మాటలే, మరాఠీ అక్షరాల్లో.

రెండువేల ఆరులో ఆమె రోజూ చూసే సీరియల్ నడిమధ్యలో ఆగిపోయింది. అందులో భర్త తరిమేసిన కోడలు బస్టాండులోనే నిలబడిపోయింది. ఆ పిల్లను అక్కడ వదిలేయడానికి సుశీలాబాయికి మనసొప్పలేదు. మిగతా కథ తానే రాసింది. కోడలు బట్టలు కుట్టి బతుకుతుంది. భర్త వచ్చి పిలిచినా వెళ్లదు. రాస్తున్నంతసేపూ ఆమె కళ్ల ముందున్నది సొంత అక్క దేవక్క. తాగి కొట్టే మొగుణ్ణి విడిచి రెండేళ్లుగా దేవక్క ఈ ఇంట్లోనే ఉంటోంది.

ఆ సీరియల్‌కు ముగింపు రాసి పంపమని ఒక తెలుగు వారపత్రిక పాఠకులను అడిగింది. తెలుగు లిపిలోకి ఎత్తిరాసి, తప్పులు దిద్దే మనిషి కావాలి. గోదావరి అవతల తెలుగు బడిలో చదువుకున్న ఊరివాడు కొండన్న తానే ముందుకొచ్చాడు. దేవక్కకు జ్వరమొస్తే వానలో వెళ్లి మందుబిళ్లలు తెచ్చిన మనిషి. తెలుగు అక్షరాలు రాని సుశీలాబాయి ఆయన రాసిచ్చిన కాగితాలు చదవలేకపోయింది. కళ్లకద్దుకుని పోస్టు చేసింది.

కథ అచ్చయింది. అవతలి ఒడ్డు నుంచి వచ్చిన పక్కింటి కోడలు ప్రశాంతి చదివి వినిపించింది. చివరికొచ్చేసరికి కథలో కోడలు భర్త కాళ్ల మీద పడి, తప్పు తనదేనని ఏడ్చి, అతని వెంట వెళ్లిపోయింది.

దేవక్క లేచి దండెం మీది చీరలు మడతపెట్టసాగింది.

"బరువైతే మొకం మీద చెప్పరాదా చెల్లే? పుస్తకంల ఏసి చెప్పాల్నా?"

సుశీలాబాయి కొండన్న ఇంటికి పరుగెత్తింది. ఆయన పీట వేసి, మంచినీళ్లిచ్చాడు.

"మొగుణ్ణి కాదన్న కథ ఎవలేస్తరు సుశీలా? నీ మంచికే మార్చిన."

"తప్పులు దిద్దుమన్న గని, మా అక్కను ఎల్లగొట్టుమన్ననా, అన్నా?"

నీళ్లు ముట్టకుండా తిరిగొచ్చింది. సంచీతో గుమ్మంలో నిలబడ్డ అక్కకు తన నోటుబుక్కు మొదటినుంచీ చదివి వినిపించింది. చదువు రాని దేవక్క సంచీ దించి కూర్చుంది. అడగలేక అడిగింది.

"ఇప్పుడు నా కోసం మార్చి సదువుతలేవు గద?"

సుశీలాబాయి నోటుబుక్కు ఆమె ఒళ్లో పెట్టింది. ఊళ్లో మరాఠీ చదివినవాళ్లకు కొదవ లేదని, నమ్మకమున్నవాళ్లతో చదివించుకొమ్మని చెప్పింది.

సంచీని అక్కడే ఉంచి, దేవక్క నోటుబుక్కును కొంగులో పెట్టుకుని వీధిలోకి నడిచింది.