సున్నపు గీతలు

అక్షరాలు నేర్చుకునేసరికి నాకు అరవై దాటాయి. అందుకే ఇది ఇన్నాళ్లూ రాయలేకపోయాను. నిన్న మనవరాలి బడి మైదానంలో తడి సున్నం వాసన తగిలింది.

కంప్లి దగ్గర మా ఊరి హైస్కూల్లో ఆటల పోటీలకు సున్నంతో గీతలు వేసేది మా నాయనే. పరుగు చివర అడ్డంగా కట్టిన దారం ముందుగా తెంచిన పిల్లను బడిలో చేర్చుకుంటారని నేను నమ్మాను. ఒక ఏడాది ఆడపిల్లల పరుగులోకి లంగా ఎగదోపుకుని దూరాను. దారం నేనే తెంచాను.

"ఎవురి బిడ్డప్పా ఇది? మన పిల్లోళ్లనందర్నీ ఓడిచ్చిండాదే!" అని డ్రిల్లు మాస్టరు నవ్వాడు.

"నాదే సార్. ఇంగ రాదు," అన్నాడు నాయన తల వంచుకుని.

"నన్ను యా క్లాసులో కూర్చోబెడతారు నాయనా?"

"నువ్వు బడికి పోతే ఎనుముల్ని ఎవురు మేపుతారు మే?"

కొత్త దారం కట్టి, నేను లేకుండా పరుగు మళ్లీ పెట్టారు.

మరుసటి పొద్దున నాయన పొరక ఇచ్చాడు. ఆ గీతలన్నీ నేనే ఊడ్చేశాను.