దెవులిందా దాచిన ముఖం

మినో కొండల్లో మా ఊరికి టాక్సీ ఒక్కటే, దాన్ని నడిపేది నేనొక్కణ్ణే. చర్చికి వెళ్లే పెళ్లికూతురైనా, ఆసుపత్రికి వెళ్లే ముసలాయనైనా నా బండి ఎక్కాల్సిందే. కాబట్టి ఊళ్లో ఎవరి గుట్టూ నా దగ్గర ఎక్కువ కాలం దాగదు. దెవులిందా సంగతి మాత్రం ఏళ్ల తరబడి నాకూ తెలియలేదు.

ఆమెది కొండ అవతలి ఊరు. రాతి గనిలో పనిచేసే సిల్వెరియోని చేసుకుని ఇక్కడికి కోడలిగా వచ్చింది. మంచి కుట్టుపనిమంతురాలు. పండుగ ఊరేగింపులో చిన్నపిల్లలకు దేవదూతల వేషం వేస్తాం కదా, ఆ తెల్లగౌన్లూ ఈకల రెక్కలూ ఆమె చేతివే. మోకాళ్ల దాకా జుట్టు. అత్తగారు గ్రసింద ఎవరినీ మెచ్చుకునే రకం కాదు గానీ, కోడలి జడ గురించి మాత్రం సంతలో కూడా గొప్పలు చెప్పుకునేది.

దెవులిందా కూతురు ఒటీలియా మూడేళ్ల వయసులో రెక్కలు కట్టుకుని నడిస్తే ఊరంతా ఆ పిల్లనే చూసింది. గుండ్రటి బుగ్గలు, పైకి చూస్తున్నట్టుండే కళ్లు. "దేవుడు చల్లగా చూడాలి, అసలైన దేవదూత ఇదే" అని ముసలమ్మలు ముద్దులు పెట్టారు. తల్లి మాత్రం తల వంచుకుని నడిచింది. దిష్టి భయమేమో అనుకున్నాను.

ఆ బుగ్గలు అక్కడితో ఆగలేదు. ఏడో ఏడు వచ్చేసరికి రెండు దవడలూ ఉబ్బిపోయాయి, పళ్లు అడ్డదిడ్డంగా వచ్చాయి, కనుగుడ్ల కింద తెలుపు కనపడసాగింది. గవదబిళ్లలని వేడి ఆలివ్ నూనె గుడ్డలు కట్టారు. బడిలో పిల్లలు గుమ్మడికాయ అన్నారు. మొక్కజొన్న రొట్టె నమలలేకపోతే గ్రసింద సూపులో నానబెట్టి తినిపించేది.

"మా వాళ్లలో ఇలాంటి దవడలు ఏడు తరాల్లో లేవు. ఏ పాపిష్టి కన్ను పడిందో!" అని తిట్టిపోసేది. దెవులిందా పొయ్యి వైపు తిరిగి సూపు కలుపుతూ ఉండేది.

పోర్తో నగరంలో డాక్టరమ్మకి చూపించడానికి వాళ్లను నేనే తీసుకెళ్లాను. ఇంట్లో ఎవరికైనా చిన్నప్పుడు ఇలా ఉండేదా అని ఆవిడ అడిగితే అత్తాకోడళ్లిద్దరూ లేదన్నారట. తిరుగుదారిలో గ్రసిందే చెప్పింది.

ఆ తర్వాతి ఆదివారం దెవులిందా ఒక్కతే నా బండి ఎక్కింది. తలకి రుమాలు, ఒళ్లో గుడ్డమూట. పుట్టింటి ఊళ్లోని సాంత అపొలోనియా గుడికి పోనిమ్మంది. పంటినొప్పి ఉన్నవాళ్లు మొక్కుకునే పుణ్యాత్మురాలు ఆమె. వట్టి చేతులతో తిరిగొచ్చి వెనక సీట్లో కూర్చుని, రుమాలు తీసి ఏడ్చింది. తల బోడిగా ఉంది.

"నాకూ ఆ ముఖమే ఉండేదన్నా. తగ్గితే నా జడ కోసి ఇస్తానని మా అమ్మ నా పేరున మొక్కుకుంది. పద్దెనిమిదేళ్లకి తగ్గిపోయింది. అందరూ అందగత్తెవన్నారు. జడ కోయడానికి మనసొప్పలేదు. అమ్మ పోయింది, నేను ఎగ్గొట్టి పెళ్లి చేసుకున్నాను. ఆ పాపం ఇప్పుడు నా బిడ్డ మీద పడింది."

నాకు ఒళ్లు మండింది. "పసిపిల్ల మీద పగబట్టడానికి ఆ తల్లికి వేరే పనేం లేదనుకున్నావా? వెళ్లి డాక్టరుతో చెప్పు."

"అత్తకి తెలిస్తే? పుణ్యాత్మురాల్నే మోసం చేసినదాన్ని ఇంట్లో ఉండనిస్తుందా? జడ ఇచ్చేశాగా, ఇక తగ్గుతుందిలే."

జడ ఏదని అత్త అడిగితే బిడ్డ కోసం మొక్కిచ్చానని చెప్పిందట. జబ్బు మాత్రం తగ్గలేదు. చలికాలం పోయేసరికి ఇంకా పెరిగింది. మళ్లీ పోర్తో తీసుకెళ్తే డాక్టరమ్మ ఆపరేషన్ అంది. సంచీ మోసుకుంటూ నేనూ గదిలోకి వెళ్లాను, ఎవరూ పొమ్మనలేదు. ఆవిడ ఒటీలియా గడ్డం పట్టుకుని, దవడ మీద వేలితో గీత గీసి చూపించింది. ఇక్కణ్ణుంచి ఇక్కడి దాకా తీసేయాల్సి రావచ్చు, పళ్లు చాలావరకు పోతాయి, ముఖం ఎలా మిగులుతుందో చెప్పలేను అంది. దెవులిందా ఆ వేలినే చూస్తోంది.

"ఆగండమ్మా" అంది. "నాకూ ఉండేది."

"ఏం ఉండేదే?" అంది గ్రసింద.

"ఈ ముఖమే, అత్తా."

అంతా చెప్పేసింది, మొక్కుతో సహా. డాక్టరమ్మ ఆమె దవడలు తడిమి చూసి ఎక్స్‌రే తీయించింది. పాత గుర్తులు ఎముకలో ఇంకా ఉన్నాయి. ఇది చాలా అరుదైన ఎముక జబ్బనీ, తల్లి నుంచో తండ్రి నుంచో రక్తంలోనే వస్తుందనీ, పిల్ల ఎదిగే వయసు దాటాక చాలామందిలో తనంతట తానే తగ్గుముఖం పడుతుందనీ చెప్పింది. తల్లికి తగ్గింది కాబట్టి ఇప్పుడు కత్తి పెట్టను, ఏటేటా చూస్తూ ఉందాం అంది. ముందే చెప్పి ఉంటే ఇంత దూరం వచ్చేది కాదని మెల్లగానే అంది. మెల్లగా అన్నందుకే దెవులిందా ఇంకా కుంగిపోయింది.

గ్రసింద గుండెల మీద సిలువ గుర్తు వేసుకుంది. "ఇన్నాళ్లూ ఆ నోట్లో ఏం పెట్టుకు కూర్చున్నావే? జడ కోసం పిల్ల దవడ కోయించేదానివి కదే!" అంది. తర్వాత కోడలి పొట్టి జుట్టు మీద రుమాలు తనే సరిచేసింది. ఇంట్లోంచి గెంటలేదు.

ముగ్గురూ వెనక సీట్లో కూర్చున్నారు, బండి ఇంకా కదలలేదు. ఒటీలియా తల్లి వైపు తిరిగింది.

"అమ్మా, నీ బుగ్గలూ ఇంత ఉండేవా?"

"ఇంతే తల్లీ."

"బళ్లో ఏమనేవాళ్లు నిన్ను?"

"కప్ప అనేవాళ్లు."

"ఏడ్చేదానివా?"

"రోజూ."

"లోకంలో నేనొక్కదాన్నే ఇలా ఉన్నానా అని నిన్ను ఎన్నిసార్లు అడిగానమ్మా! నువ్వు రెక్కలు కుట్టుకుంటూ కూర్చునేదానివి."

దెవులిందా చెయ్యి చాపింది. ఒటీలియా ఆ చేతిని పక్కకి పెట్టి, తలుపు తీసుకుని దిగి, ముందుకొచ్చి నా పక్కన కూర్చుంది. ఊరు చేరేదాకా వెనక్కి తిరిగి చూడలేదు.