దుప్పట్ల మీద పచ్చపొడి

కొండమీది ఆ వసతిగృహంలో దుప్పట్లు ఉతికే ఆవిడను అందరూ లాండ్రీ అత్త అనేవారు. భర్త పోయాక కోడలిని వెంటబెట్టుకుని అక్కడ పనికి కుదిరింది. ఉతికినవన్నీ పెరట్లో తాళ్లమీద ఆరేసేసరికి ఇద్దరికీ నడుములు పట్టేసేవి.

ఆ పెరట్లో సూదుల్లాంటి ఆకులున్న ఓ చెట్టుండేది. అదంటే అత్తకు ఒళ్లుమంట. వానలు వెలిసిన కొత్తలో దాని కొమ్మల నుంచి పచ్చటిపొడి రాలి, తెల్లటి దుప్పట్లన్నీ పాడయ్యేవి. మళ్లీ ఉతకాల్సిందే.

“కొట్టించెయ్యండి బాబూ, మీకు పుణ్యముంటుంది” అని యజమాని ప్రాణం తోడేసింది. ఆవిడ పోరు పడలేక ఆయన అనుమతి అడిగితే, అటవీశాఖ నుంచి ఓ అమ్మాయి వచ్చింది. చెట్టుచుట్టూ తిరిగి చూసింది.

“కుదరదండీ. ఈ జాతి అంతరించిపోయే ప్రమాదంలో ఉంది.”

“ప్రమాదంలో ఉన్నది నా నడుమమ్మా!” అంది అత్త.

అమ్మాయి నవ్వి మెట్లమీద కూర్చుంది. “ఒకప్పుడు ఈ కొండలనిండా ఇవే ఉండేవి పెద్దమ్మా. కలప కోసం నరికేశారు. మీ గదుల్లో నేలకు పరిచింది కూడా ఈ చెక్కే. ఇది మగచెట్టు. ఆడచెట్లు పైవాలులో కొన్ని మిగిలాయి. దగ్గర్లో మగచెట్టు లేక వాటి గింజలన్నీ తాలైపోతున్నాయి. ఈ పుప్పొడి అక్కడికి చేరాలి.”

“అంటే ఈ మహానుభావుడు పెళ్లికూతుళ్లను కొండమీద పెట్టుకుని, నా దుప్పట్లమీద పడి ఏడుస్తున్నాడా!”

కోడలు పకపకా నవ్వింది. అత్తకు మాత్రం ‘తాలు’ అన్న మాట ఎక్కడో గుచ్చుకుంది; ఏటేటా కాసిందంతా వట్టిపోవడమా అనిపించింది. లేచివెళ్లి, మొదటిసారిగా ఆ చెట్టును తలెత్తి తేరిపార చూసింది.

యజమాని సణుక్కుంటూనే వంటగది పక్కన రేకుల పందిరి వేయించి, తాళ్లు అటు మార్పించాడు. మళ్లీ పొడి రాలే కాలానికి అత్త చిరుగుల దుప్పట్లు ఏరి, తనే చెట్టుకింద పరిచింది. రాలిన పొడిని మెత్తటి కుంచెతో కాగితపు పొట్లాల్లోకి ఎత్తింది. మోకాళ్లు సహకరించక తను ఎక్కలేకపోయింది. కోడలే అటవీశాఖ అమ్మాయితో పైవాలుకు వెళ్లి, ఆడచెట్ల కొమ్మలమీద పొడి చల్లి వచ్చింది.

గింజల్లో చాలామటుకు మళ్లీ తాలే. కొన్ని మాత్రం మొలిచాయి. ఆ జాతికి ముప్పు తప్పిందని ఎవరూ అనలేదు, ఇప్పటికీ అనడం లేదు.

మొలకలు చూపిస్తానని ఆ అమ్మాయి ఓరోజు అత్తాకోడళ్లను నర్సరీకి తీసుకెళ్లింది. మట్టిసంచుల్లో వేలెడంత మొక్కలు.

“ఇవి ఎప్పటికి పెద్దవవుతాయమ్మా?”

“మనం చూడలేం పెద్దమ్మా. అంత నెమ్మది.”

అత్త నేలమీద చతికిలబడి, సంచుల్లో మొలిచిన కలుపు ఒక్కొక్కటే పీకసాగింది.

“అత్తయ్యా, బస్సు వెళ్లిపోతుంది” అంది కోడలు.

“పోనీవే.”

బస్సు వెళ్లిపోయింది. ఇద్దరూ కబుర్లు చెప్పుకుంటూ నడిచే ఇల్లు చేరారు.