తుడిచేసిన మనవి

మా విత్తనాల ప్లాంటు కల్లూరు దాటాక ఉంది. శనగ, వేరుశనగ విత్తనాలు శుభ్రం చేసి, మందు పట్టించి, సంచుల్లో నింపి పంపుతాం. ఆఫీసు గదిలో ఉన్న ఒకే ఒక్క కంప్యూటరు దగ్గర కూర్చునేది నేను. పదో తరగతి తప్పినవాణ్ని. కంప్యూటరు నాకు ఏ బడిలోనూ నేర్పలేదు. శాఖా గ్రంథాలయంలో బెంచీ మీద కూర్చుని, అట్టలు ఊడిన పుస్తకాల్లోంచి నోట్సు రాసుకుని నేర్చుకున్నాను. తెలుగు టైపు కూడా అలా వచ్చిందే. ఈ సంగతి అడగని వాళ్లకు కూడా చెప్పుకునేవాణ్ని. పాస్‌వర్డులో పుట్టిన తేదీ పెట్టకూడదని, దాన్ని రాసి గోడకు అంటించకూడదని ప్లాంటులో అందరికీ చెప్పింది నేనే. హమాలీలు తమ ఫోన్లకు ఏమైనా అయితే తెచ్చి నా బల్ల మీద పెట్టేవాళ్లు.

శనివారం మధ్యాహ్నం అన్నం వేళలో ఇంకో పని కూడా చేసేవాణ్ని. మా ఊరి చర్చిలో ఆదివారం ప్రార్థన మనవులు చదువుతారు. ఎవరి కష్టం వాళ్లు చీటీ మీద రాసిస్తారు, రాయడం రానివాళ్లు నోటితో చెబుతారు. వాటిని ఒక కాగితం మీదికి ఎక్కించి ప్రింటు తీసేది నేను. కాగితం మటుకు నాదే. పని కాగానే ఫైలు తుడిచేసేవాణ్ని, కంప్యూటరు చెత్తబుట్టలోంచి కూడా తీసేసేవాణ్ని. అలా చేస్తే ఇక ఎవరి కంటా పడదని పుస్తకంలో చదివాను.

నింపిన సంచుల మూతులు మిషను మీద కుట్టే అక్కది మా ఊరే, మా చర్చే. ఒక శుక్రవారం షేరాటో దిగి నడుస్తుంటే, మిగతావాళ్లను ముందుకు పోనిచ్చి, తనకు మూర్ఛలు వస్తున్నాయని చెప్పింది. వచ్చేది తెల్లవారుజామున, నిద్రలోనే. పెద్దాసుపత్రిలో మాత్రలిచ్చారు. ప్లాంటులో తెలిస్తే మిషను మీద కూర్చోనివ్వరు. అది పోతే ఆమెకు మిగిలేది మళ్లీ ఎండలో కూలి పనే.

"మనవిలో పెట్టప్పా. పేరు మాత్రం రాయొద్దు. ఒక సహోదరి అను, సాలు."

పేరు రాయలేదు. కానీ మనవి స్పష్టంగా ఉండాలని మా పాస్టరయ్యగారి పట్టుదల. ఒక సహోదరి కష్టం అని ఊరుకుంటే సంఘం దేనికోసం మోకరించాలి అని అడిగేవారు. అందుకని "సంచులు కుట్టే మిషను మీద పనిచేసే ఒక సహోదరికి నిద్రలో వచ్చే మూర్ఛలు నయం కావాలి" అని టైపు చేశాను. మా ఊరి ఆడవాళ్లు నాలుగైదు ప్లాంట్లలో ఆ పని చేస్తున్నారు కాబట్టి ఎవరో తెలియదులే అనుకున్నాను. మా ప్లాంటులో ఆ మిషను ఒక్కటేనని, నేను టైపు చేస్తున్నది ఆ ప్లాంటు కంప్యూటరు మీదేనని నాకు తట్టలేదు.

మంగళవారం మేనేజరు పిలిచి తన ఫోను నా వైపు తిప్పాడు. అందులో ఉన్నది నా కంప్యూటరు తెర. వాక్యం 'మూర్ఛలు' దాకా టైపు చేసి ఉంది. కొన్నాళ్ల కిందట వైరస్‌కు మందు వేస్తానని వచ్చిన టెక్నీషియన్ దాంతోపాటు ఇంకొకటి కూడా వేసి పోయాడట. పది నిమిషాలకొకసారి అది తెరను ఫొటో తీసి యజమానికీ, మేనేజరుకూ పంపుతుంది. ఆరోజు ఆ టెక్నీషియన్‌కు టీ తెప్పించింది నేను. నాకు ఎంత తెలుసో తెలియాలని ఏవేవో ప్రశ్నలు కూడా వేశాను.

"సొంత పని చేసుకున్యావని నేనేమనను," అన్నాడు మేనేజరు. "ఆయమ్మ మిషన్ కాడ పడిపోతే జవాబు చెప్పేదెవరప్పా? నువ్వా?"

"నిద్రలోనే వస్తాయి సార్" అన్నాను.

ఆయన తల ఊపాడు. అది ఆమే అన్నది అప్పటిదాకా ఆయనకు అనుమానమే. రూఢి చేసింది నేను.

మరుసటి రోజు ఆమెను ఇంట్లో విశ్రాంతి తీసుకోమన్నారు. బాగైనాక రమ్మన్నారు. ఎప్పుడని ఎవరూ చెప్పలేదు. చర్చిలో మనవి విన్న పాస్టరమ్మగారు ఎవరితోనో అని ఉంటుందని అక్క అనుమానం. అది వింటూ ఊరుకోలేక జరిగింది చెప్పేశాను.

"అంత సదివినోడివి. అది సూస్తాండాదని నీకు తెలీకపాయనా?"

నేను చదివిన పుస్తకాలు వచ్చేనాటికి ఇలాంటివి లేవు అన్నాను. నా చెవికే అది సాకులా వినిపించింది.

శనివారం ఆమె గుర్తింపు కార్డు తిరిగి ఇవ్వడానికి వచ్చింది. మేనేజరు బయటికి పోయాడు. కార్డు బల్ల మీద పెట్టి నా కుర్చీ వెనక నిలబడింది.

"ఇప్పుడు గూడా సూస్తాండాదా?"

"సూస్తాండాదక్కా."

"యాడుండాది దాని కన్ను?"

కన్నంటూ లేదని, తెర మీద ఏముంటే దాన్ని పట్టుకుంటుందని చెప్పాను.

"అట్లయితే నేను చెప్తా, పెద్ద అచ్చరాలతో రాయి."

ఆరేళ్లుగా కుడుతున్నానని, ఒక్కనాడూ మిషను దగ్గర పడలేదని, మాత్రలు తప్పకుండా వేసుకుంటున్నానని చెప్పింది. మిషను వద్దంటే విత్తనాలు ఏరే బల్ల దగ్గరైనా చోటివ్వమంది. ఆమె చెప్పినట్టే టైపు చేశాను, చదివి వినిపించాను. బాగుండాది అంది. స్టూలు లాక్కుని కూర్చుంది. నేను కీబోర్డు మీంచి, మౌసు మీంచి చేతులు తీసేశాను. లారీలు తూచే వేబ్రిడ్జి అతను బిల్లు కోసం వస్తే కాసేపాగి రమ్మన్నాను. బిల్లు తీయాలంటే ఆ అక్షరాలు పక్కకు పోతాయి. ఇద్దరం గోడ గడియారం వైపే చూస్తూ కూర్చున్నాం. పది నిమిషాలయ్యాక, ఇంకొకసారి పట్టనీ అంది. ఇంకో పది నిమిషాలు కూర్చున్నాం. తర్వాత ఆమె లేచి ఆటో కోసం పోయింది.

సోమవారం మేనేజరు పిలిచాడు.

"శనివారం ఇరవై నిమిషాలు పనేమీ చేయకుండా కూసున్యావంట. కీబోర్డు ముట్టకుంటే అదే రిపోర్టు పంపుతాది."

"ఆ ఫొటోలు చూడండి సార్" అన్నాను.

రోజుకు అన్నేసి వస్తుంటే అన్నీ ఎవరు చూస్తారు అన్నాడు. తీరికైనప్పుడు చూస్తాలే అని ఫోను జేబులో పెట్టుకున్నాడు. బయట షెడ్డులో ఎవరో కొత్తామె సంచులు కుడుతోంది.