చెరపబోయిన క్యాసెట్

పాత ల్యాప్‌టాప్ ఎక్స్‌ఛేంజ్‌కి ఇవ్వబోతుంటే మా అబ్బాయి ఆపాడు. డిలీట్ కొడితే పోదట. ఉన్నదాని మీద ఇంకేదో రాస్తేనే పాతది నిజంగా చెరుగుతుందట. తాతకు దగ్గులు నేర్పడం అంటే ఇదే. వాడు పుట్టకముందే, మంగళవాడ దగ్గర మా ఊళ్లో, నేను ఆ పని చేసినదాన్ని. ఎంత చక్కగా చేశానో కూడా చెబుతాను.

ఒక ఏడు శనక్కాయ విరగపండింది. ఇక ఏటా ఇంతేనని నమ్మి నాన్న టేప్‌రికార్డర్ కొన్నాడు. ఆ తర్వాత అన్నీ కరువులే. మాకున్న ఒకే ఒక్క క్యాసెట్లో ఒక పక్క తాత పాడిన పాట ఉంది. రెండో పక్క అమ్మ తిట్లు ఉన్నాయి. విత్తనాలు ఒలుస్తూ తన ఆడబిడ్డను, అంటే నిడుగల్లులో ఉన్న మా అత్తను, అమ్మ తిడుతుంటే నేను చప్పుడు కాకుండా రికార్డు చేశాను. ఇంటిల్లిపాదీ పదేపదే విని నవ్వుకునేవాళ్లం. అమ్మ కూడా.

ఆ కరువుల మధ్య ఒక ఏడు వాన పెందలాడే పడింది. పదును ఆరకముందే విత్తాలి. మా ఇంట్లో విత్తనం లేదు, కరువులో వేయించుకుని తినేశాం. అత్త దగ్గర ఉంది. టేప్‌రికార్డర్ తెచ్చిస్తే విత్తనం కొలుస్తానని, తన తండ్రి పాట ఉన్న క్యాసెట్ కూడా తేవాలని ఆమె కబురు పంపింది. అమ్మ ముఖాన కత్తివాటుకు నెత్తురు చుక్క లేదు.

"ఆ రెండో పక్క ఆయమ్మ వినిందంటే విత్తనం కాదు గదా, మన్ను గూడా ఇయ్యదు. చెరుపుమ్మీ!"

చెరపడం అంటే ఏమీ మాట్లాడకుండా మళ్లీ రికార్డు చేయడమే. కరెంటు లేదు. ఎండలో పెట్టి ప్రాణం పోసిన బ్యాటరీలు వేసి, ఎర్ర బటన్ నొక్కి, ఎవరూ నోరు మెదపకూడదని చెప్పాను. మా ఇంట్లో అంత నిశ్శబ్దం నేను అంతకుముందు ఎరగను. కాసేపటికి మేక లోపలికొచ్చి జొన్నల చేటలో మూతి పెట్టింది. అమ్మ కేకేసింది. నాన్న ఉష్ అన్నాడు. అంతే, నిశ్శబ్దం ఎంత ముఖ్యమో అమ్మ అందరికీ విడమరిచి చెప్పడం మొదలుపెట్టింది. నేను చేతులు ఊపినా ఆగలేదు. మళ్లీ చెరుపుదామంటే బ్యాటరీలు చచ్చిపోయాయి.

"మా అక్క వినేది మా నాయన పాట. ఆ పక్కకి యాడ పోతాది?" అన్నాడు నాన్న.

నిడుగల్లులో కరెంటు ఉంది, మా ఖర్మ. అత్త తండ్రి గొంతు విని కళ్లు తుడుచుకుంది. పాట అయిపోగానే క్యాసెట్ తిప్పింది.

"ఈ పక్క ఏముండాది?"

"ఏం లేదొదినా, ఖాళీ," అంది అమ్మ.

ఖాళీ పక్క కాసేపు గురగురమంది. తర్వాత మేక అరిచింది. ఆ తర్వాత అమ్మ: "నోరు మూసుకోని ఉండండి! పాత తిట్లు ఒక్కటి మిగిలినా ఆయమ్మ మంచి విత్తనం దాపెట్టి తాలుకాయలు కొలుస్తాది. ఎంగిలిచేత్తో కాకిని తోలని మనిషి!" వెనకే నాన్న గొంతు: "నిజమేలే, మెల్లగా చెప్పు."

అత్త లేచి లోపలికి వెళ్లింది. చీపురు తెస్తుందనుకున్నాను. మూట ఈడ్చుకొచ్చి అమ్మ ముందు కుమ్మరించింది.

"చూడుమ్మే. ఒక్క తాలుకాయ ఉంటే చూపించు. నాసివి ఇస్తే రేపు ఇంకో క్యాసెట్ నింపుతావు!"

అడిగినదానికన్నా ఎక్కువే కొలిచింది. కొలిచి నావైపు తిరిగింది. "దీన్ని ఎవురూ చెరపకుండా ఉండాలంటే ఏం చేయల్ల?" వెనక ఉన్న చిన్న ప్లాస్టిక్ ముక్కలు విరిచేస్తే ఇక రికార్డు కాదని చెప్పాను. నోటి తీట. అమ్మ నన్ను గిల్లేలోపే అత్త అడకత్తెర తెచ్చి పుటుక్కున విరిచేసింది.

విత్తనం మంచిదే. ఆ తర్వాత వానే నాసిది, పంట సగమే వచ్చింది. అమ్మ ఎప్పుడు నిడుగల్లు వెళ్లినా అత్త క్యాసెట్ పెట్టి నలుగురిలో వినిపించేది. అమ్మ ఇంటికొచ్చి కొత్త తిట్లు తిట్టేది. అవి రికార్డు చేయడానికి మాకు టేప్‌రికార్డర్ లేదు.

అమ్మ పోయిన పదకొండో రోజున అత్త ఒంగిపోయిన నడుముతో వచ్చింది. నాకు ఏడుపు ఆగడం లేదు. ఆమె కొంగుముడి విప్పి ఆ క్యాసెట్ నా చేతిలో పెట్టింది.

"మా ఇంట్లోది ఎప్పుడో చెడిపోయింది. ఇది ఆడే మిషను యాడన్నా ఉంటే తీసుకురా కోడలా. ఇంక నన్ను తిట్టేవాళ్లు ఎవురూ లేరు. ఒక్కసారి తిట్టించుకుంటా."