సభకు వండనం

నేను సేనాపతినైన వారం డైరీలో మొదట రాసుకున్నది రేకు దుప్పటి కొలతలు. పాపకూర అనే ఊళ్ళో మా ఇంటి వేడినీళ్ళ సిలిండర్‌కి చుట్టగా మిగిలిన వెండి రంగు దుప్పటి అది. దాన్ని కత్తిరించి, అంచులు మడిచి కవచం కుట్టుకున్నాను. అడుగు తీసి అడుగు వేస్తే చిప్స్ పొట్లం నలిపినట్టు చప్పుడు చేసేది. డెబ్బై ఒకటో ఏట సైన్యం చేతికొస్తే ఆ మాత్రం చప్పుడు ఉండాల్సిందే అనుకున్నాను.

ప్రతి ఉగాదికి మా తెలుగువాళ్ళంతా దగ్గర్లోని పాపటోయిటోయి ఊళ్ళో హాలు తీసుకుని నాటకం వేస్తారు. భూమికి కింది సగంలో ఉన్న ఈ దేశంలో ఉగాది ఆకులు రాలే కాలంలో వస్తుంది. ఆ ఏడు నాటకం రాసి, నడిపించింది ఆసుపత్రిలో నర్సుగా పనిచేసే ఒకావిడ. వార్డులో చార్టులు చూసినట్టు మా సంభాషణలు ఒక్కొక్కరినే అడిగి టిక్కు పెట్టేది.

కథ చిన్నది. రాజు చనిపోయాడు. గద్దె తన చిన్నకొడుక్కి దక్కాలని రాజమాత పట్టు. తండ్రి గద్దె తనదని యువరాణి పట్టు. సేనాపతిని పెంచి పెద్దచేసింది రాజమాత. యువరాణిని కాపాడతానని పోతున్న రాజుకి మాటిచ్చిందీ ఆ సేనాపతే. చివరికి అతను కత్తి తీసుకెళ్ళి రాజమాత పాదాల దగ్గర పెడతాడు. యువరాణి అడవుల పాలవుతుంది.

రాజమాత వేషం మా ఆవిడది. యువరాణి మా అబ్బాయి కూతురు, పదకొండేళ్ళది. తెలుగు అంతా అర్థమవుతుంది, మాట్లాడటం మాత్రం నానమ్మతోనే, అదీ ముక్కలు ముక్కలుగా.

పిల్లలకి తెలుగు చదవడం రాదని వాళ్ళ సంభాషణలు ఇంగ్లీషు అక్షరాల్లో టైపు చేసి ఇచ్చారు. యువరాణి సభలోకి వచ్చి చెప్పే మొదటి మాట "సభకు వందనం." ఇంగ్లీషు అక్షరాల్లో దకీ డకీ తేడా ఉండదు. పైగా అదే వారం దాని పళ్ళకి వైరు వేశారు. రిహార్సల్లో రెండు చేతులూ జోడించి ఎంతో ఠీవిగా "సభకు వండనం" అంది.

సరిగ్గా అప్పుడే వెనక బల్ల మీద పులిహోర గిన్నె మూత తీస్తున్నారు.

"వండకపోతే ఎలా తల్లీ, పొద్దున్నించీ ఆకలితో ఉన్నాం," అన్నాడు పక్కనున్న పెద్దాయన. హాలంతా నవ్వింది. ఎందుకు నవ్వారో అర్థమయ్యేంత తెలుగు దానికి వచ్చు. తిన్నగా వెళ్ళి కారులో కూర్చుంది. నేను చప్పుడు చేసుకుంటూ వెనకాలే వెళ్ళాను.

"అయామ్ డన్, తాతయ్యా. ఇంక తెలుగు మాట్లాడను."

"నాటకంలోనా?"

"ఎప్పుడూ."

మా ఆవిడ ఇంగ్లీషు షాపులో కౌంటరు దగ్గర మొదలై అక్కడే అయిపోతుంది. ఇది తెలుగు మానేస్తే నానమ్మా మనవరాలూ ఇక సైగలతో బతకాలి.

"ఏం చేస్తే మళ్ళీ వస్తావు?"

"నువ్వు నా సైడ్ ఉండాలి. ఎవరు నవ్వినా."

"సేనాపతి ప్రామిస్."

"సేనాపతి లాస్ట్‌లో చీట్ చేస్తాడు కదా."

కవచం విప్పి వెనక సీట్లో పడేశాను.

ఇంటికొచ్చాక రెండో పక్షం నన్ను పిలిపించింది. రాజమాత సోఫా మీద కిరీటంతో కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తోంది.

"ఏమండీ, కత్తి పెట్టేటప్పుడు పూర్తిగా ఒంగండి. మోకాళ్ళంటూ సగంలో వదిలేయకండి."

"ఒంగుతానే."

"నలభై నాలుగేళ్ళకి ఒక్కసారి ఒంగుతున్నారు. వీడియో తియ్యమని కోడలికి చెప్పాను."

ముగింపు మార్చమని నర్సుగారికి ఫోన్ చేశాను. "కుదరదంకుల్," అంది. "రోజంతా మనుషుల్ని బతికించే పనే నాది. ఇక్కడైనా ఒకర్ని ఓడిపోనివ్వండి."

ఇక మిగిలింది ద ఒక్కటే. రోజూ బడి నుంచి రాగానే మనవరాలికి ఇరవై సార్లు చెప్పించి, సరిగ్గా వచ్చినవాటికి డైరీలో గీతలు పెట్టాను. "నాలుక పళ్ళకి తగలాలి," అంటే, "వైర్‌కి తగులుతోంది," అనేది. సోమవారం నాలుగు గీతలు. శుక్రవారానికి పదిహేడు.

ఆదివారం మధ్యాహ్నం నాటకం. ఇరవైలో ఇంకా తప్పుతున్న ఆ మూడింట్లో ఒకటి ఆ రోజు వచ్చింది.

"సభకు వండనం."

ముందు ఒకాయన నవ్వాడు, తర్వాత ఒక వరస, తర్వాత అన్ని వరసలూ. అది నా వంక చూసింది. రచన ప్రకారం నేను రాజమాత కుడిపక్క నిలబడాలి. కాళ్ళు వాటంతటవే కదిలాయి. గలగలమంటూ వేదిక ఈ చివరి నుంచి ఆ చివరికి నడిచి యువరాణి పక్కన నిలబడ్డాను.

"విన్నారుగా," అన్నాను. "యువరాణి వండనంటోంది. యువరాణుల చేత వంటలు చేయించే రోజులు పోయాయి. ఇకనుంచి ఈ రాజ్యంలో వంట సేనాపతిది."

నవ్వు దాని మీంచి నా మీదికి మళ్ళింది. రాజమాత సింహాసనం మీంచి లేచింది. అది రచనలో లేదు.

"సేనాపతీ, టీ పెట్టమంటే గిన్నె మాడ్చినవాడివి, నువ్వా వండేది?"

మా ఆవిడ నన్ను నువ్వు అనడం నాటకాల్లోనే కుదురుతుంది. ఆ నువ్వు కాస్త గట్టిగానే పడింది. సభ చప్పట్లు కొట్టింది. అప్పుడు నా పక్క నుంచి, ఎవరూ టైపు చేసి ఇవ్వని మాట వినిపించింది.

"తాతయ్యకి పప్పు కూడా రాదు నానమ్మా. కానీ నా సైడ్ ఉన్నాడు కదా. నేను నేర్పిస్తా."

"నీకొచ్చా?"

"నూడుల్స్ వచ్చు."

హాలు ఊగిపోయింది. తెర పక్క నుంచి నర్సుగారు, "కత్తి, అంకుల్, కత్తి," అని గొంతు నొక్కి అరుస్తోంది. సరేనని పూర్తిగా ఒంగి, కత్తిని యువరాణి పాదాల దగ్గర పెట్టాను. ఒంగడం వరకు బాగానే జరిగింది. మోకాళ్ళు పట్టేశాయి, లేవలేకపోయాను. రాజమాత గద్దె దిగివచ్చి ఒక రెక్క పట్టుకుంది, యువరాణి ఇంకో రెక్క పట్టుకుంది. ముగ్గురం నవ్వాపుకోలేక ఊగుతుంటే తెర వేసేశారు.

"నా కాళ్ళ దగ్గరన్నాను," అంది మా ఆవిడ చెవిలో.

"ఒంగానుగా."

"ఒంగారు. ఎవరి కాళ్ళ దగ్గరో వీడియోలో ఉంది."

"నేను ట్రాజెడీ రాశానంకుల్," అంది నర్సుగారు. "వచ్చే ఏడాది మీకు చెట్టు వేషం."

సభలో ఇచ్చిన మాట ఇంట్లో చెల్లదనుకున్నాను. సోమవారం పొద్దున్నే మా ఆవిడ గరిటె నా చేతికిచ్చి సోఫాలో కూర్చుంది. సోమవారం పప్పులో ఉప్పు రెండుసార్లు పడింది, మంగళవారం అసలు పడలేదు. బుధవారం మనవరాలు వంటింటి గుమ్మంలో నిలబడి చేతులు జోడించింది.

"సేనాపతీ, వండనం."

"ఇప్పుడు ద బాగానే పలుకుతున్నావుగా."

"సరిగ్గా అంటే నువ్వు వంట మానేస్తావు తాతయ్యా."

ఆ మాటలో ఒక్క ఇంగ్లీషు ముక్క లేదు. పొయ్యి మీద పప్పు అడుగంటుతున్న వాసన వస్తూనే ఉంది. ముందు డైరీ తీసి అది రాసుకున్నాను.