పట్టుకోని చెయ్యి

మా అమ్మాయిని స్కూలు కబడ్డీ జట్టులోకి తీసుకున్నారని తెలిసిన రోజు మా కొట్టుకి వచ్చిన ప్రతి మనిషికీ చెప్పాను. మాది రామచంద్రపురం మార్కెట్లో చేపల కొట్టు. శీలావతి కోయించుకోవడానికి వచ్చినవాళ్ళు నా కూతురి గొప్పలు ఎందుకు వినాలి? అయినా విన్నారు. కత్తి నా చేతిలో ఉంది మరి.

మొదటి పోటీ పక్క ఊరి స్కూలు గ్రౌండులో. కొట్టు మా ఆయనకి అప్పగించి, ఇస్త్రీ చీర కట్టుకుని, సెంటు కూడా కొట్టుకుని వెళ్ళాను. కబడ్డీ గురించి నాకు తెలిసింది తక్కువే. కూతకు వచ్చిన పిల్లని పట్టుకోవడానికి ఇవతలి పిల్లలు చేతులు కలిపి గొలుసు కడతారు. గొలుసు ఎక్కడ వదులైతే అక్కడినుంచి ఆ పిల్ల జారిపోతుంది. మా అమ్మాయి చివరినుంచి రెండోది. చివరన నిలబడ్డ పిల్ల తల్లి ప్రతి ఆదివారం మా కొట్టుకి వస్తుంది. వరి చేలూ కొబ్బరితోటలూ ఉన్న పెద్ద రైతులు వాళ్ళు.

ఆ పిల్ల మా అమ్మాయి చెయ్యి పట్టుకోలేదు. టీషర్టు చేతి అంచుని రెండు వేళ్ళతో పట్టుకుంది, చచ్చిన ఎలకని తోక పట్టి ఎత్తినట్టు. కూతకు వచ్చిన పిల్ల సరిగ్గా ఆ సందులోంచే తప్పించుకుపోయింది. మళ్ళీ వచ్చింది, మళ్ళీ అక్కడినుంచే పోయింది. ఆటల మాస్టారు గీత బయటినుంచి మా అమ్మాయి మీదే కేకలేశారు. "చెయ్యి పట్టుకోడం కూడా రాదేంటే నీకు?" అది తల వంచుకుంది. ఓడిపోయారు. తిరుగు బస్సులో మిగతా పిల్లలు దానివల్లే ఓడామని దాని ఎదురుగానే అనుకున్నారు.

ఇంటికొచ్చాక గదమాయించి అడిగితే చెప్పింది.

"నా చెయ్యి నీచు వాసనొస్తుందంటమ్మా."

చదువుకునే పిల్లని మేము కొట్టు గడప తొక్కనివ్వం. చేపని పట్టుకుని ఎరగదు. అయినా వాసనేమో అనుకుని కొన్నాళ్ళుగా రోజూ నిమ్మచెక్కతో చేతులు తోముకుంటోందట. వేళ్ళ సందులు పగిలి ఎర్రగా ఉన్నాయి. వాటికి కొబ్బరినూనె రాశాను. ఆ తర్వాత కోపం వచ్చింది, అది ఇప్పటికీ పోలేదు.

ఆదివారం ఆ తల్లి వచ్చింది. బొచ్చె తూచి, ముక్కలు కొడుతూ అడిగేశాను.

"ఆటలో మీ అమ్మాయి మా అమ్మాయి చెయ్యి పట్టుకోవట్లేదండి."

ఆవిడ నవ్వింది. "చిన్నపిల్లలు కదమ్మా, వాళ్ళకేం తెలుసు? నువ్వేం మనసులో పెట్టుకోకు. ఆ తలకాయ మాత్రం పులుసుకి విడిగా కొట్టివ్వు."

కొట్టిచ్చాను. అంత గట్టిగా ఏ తలకాయనీ కొట్టలేదు నేను. ఆ పులుసు ఇంటిల్లిపాదీ రెండు రోజులు తింటారు, వేళ్ళు నాక్కుంటారు. ఆ వేళ్ళు కలపడానికి మా పిల్ల వేళ్ళు పనికిరావు.

మా గోదావరి వాళ్ళకి ఒక పిచ్చి ఉంది. ఎలాంటి మనిషినైనా కూర్చోబెట్టి కొసరి కొసరి వడ్డిస్తే మెత్తబడి తీరతారని మా నమ్మకం. పెళ్ళిలో అలిగిన వియ్యపురాలినీ, పొలం గట్టు దగ్గర తగువు పెట్టుకున్నవాడినీ అలాగే దారికి తెచ్చుకుంటాం. నేనూ అదే పని చేశాను. మాస్టారితో చెప్పి, ముల్లు తక్కువుండే పండుగప్ప తీసుకుని, జట్టు మొత్తానికీ వేపుడు చేసి, పెద్ద క్యారేజీ నిండా సర్దుకుని సాయంత్రం ప్రాక్టీసు దగ్గరికి పట్టుకెళ్ళాను. మా అమ్మాయి నన్ను చూసి బిక్కమొహం వేసింది. సిగ్గుపడుతోందనుకున్నాను.

పిల్లలు ఎగబడి తిన్నారు. ఆ చివరి పిల్ల అందరికన్నా ఎక్కువ తింది.

"ఇంకో ముక్క వెయ్యండి ఆంటీ, సూపరుందండి!"

వేశాను. మంచి ముక్క ఏరి మరీ వేశాను. కుళాయిలో నీళ్ళు రాకపోతే అందరూ చేతులు నిక్కర్లకే తుడుచుకున్నారు. గ్రౌండంతా వేపుడు వాసన, అందరి చేతులదీ అదే వాసన. ఇక ఎవరు ఎవరిని అంటారులే అనుకున్నాను. లోలోపల గెలిచినంత సంబరపడ్డాను.

మాస్టారు విజిల్ వేశారు. పిల్లలు లేచి గొలుసు కట్టారు. ఆ పిల్ల నూనె వేళ్ళతో మా అమ్మాయి టీషర్టు అంచుని మళ్ళీ అలాగే పట్టుకుంది. నేను వండిన నూనె మరక గుడ్డ మీద నాకు దూరంనుంచే కనిపించింది. మా అమ్మాయి ఆ మరకకేసి చూసింది. తర్వాత నాకేసి చూసింది.

ఖాళీ క్యారేజీ పట్టుకుని ఇద్దరం నడుస్తున్నాం. ఏదో ఒకటి మాట్లాడాలని, "ఒక్క ముక్క మిగల్చలేదు చూశావా?" అన్నాను.

 ఇంటి సందులోకి తిరిగాక అది ఆగింది. ఏడవలేదు.

"ఎందుకు తెచ్చావమ్మా? ఇన్నాళ్ళూ వాసన వల్లే అనుకున్నాను కదా."